వంటింటికి ఒక మంచి షెఫ్ కత్తి కొనాలంటే ఏం చూడాలి?

మీరు అడిగింది ఇదీ. ఇంట్లో నలుగురికి రోజూ మీరే వండుతున్నారు. ఇప్పుడున్న కత్తి టమాటాను కోయకుండా నలిపేస్తోంది. పోయిన నెల ఉల్లిపాయ మీద జారి వేలు తెగింది. కొత్తది కొందామంటే ఒకరు జర్మన్ కత్తి అంటున్నారు, ఇంకొకరు జపనీస్ కత్తి అంటున్నారు. అలలు అలలుగా గీతలున్న డమాస్కస్ కత్తి ఒకటి చూడగానే నచ్చింది. ఆరు కత్తుల సెట్ ఒకటి కూడా చూసిపెట్టుకున్నారు. వీటిలో ఏది తీసుకోమంటారు అని.

నేను 22 ఏళ్లుగా హోటల్ వంటశాలల్లో పనిచేస్తున్నాను. రోజులో సగం కత్తి నా చేతిలోనే ఉంటుంది. మీకు నేను చెప్పేది ఒక్కటే: మంచి కత్తి ఒక్కటి కొనండి, దాంతోపాటే ఒక సానరాయి కొనండి. రాయి మీద పని చేసే ఉద్దేశం లేకపోతే, పదును పెట్టించుకునే దారి కూడా ఏదీ లేకపోతే, ఖరీదైన కత్తి జోలికి వెళ్లకండి. ఎంత గొప్ప కత్తయినా మొద్దుబారుతుంది. రోజూ వాడే ఇంట్లో అయితే కొన్ని నెలల్లోనే తేడా తెలిసిపోతుంది. ఆ తరువాత దాని పేరు, దాని ఉక్కు, మీరు పెట్టిన డబ్బు, ఏవీ టమాటా తొక్కను తెంపలేవు.

మీ వేలు తెగిన సంగతి ముందు మాట్లాడుకుందాం, ఎందుకంటే అసలు విషయం అందులోనే ఉంది. ఉల్లిపాయ పైపొర నున్నగా, కాస్త గట్టిగా ఉంటుంది. పదునున్న వాదర, అంటే కత్తి కోసే అంచు, దాన్ని తాకగానే అక్కడే పట్టుకుంటుంది, కత్తి బరువుకే లోపలికి దిగుతుంది. మొద్దు వాదర పట్టుకోదు. మీరు ఇంకాస్త నొక్కుతారు, అప్పటికీ దిగదు, ఇంకా నొక్కుతారు. ఆ బలమంతా ఉన్నట్టుండి పక్కకు మళ్లుతుంది, అక్కడ మీ ఎడమచేతి వేళ్లుంటాయి. కొత్తగా పనిలో చేరిన పిల్లలు పదునైన కత్తి ఇస్తే భయపడతారు. నేను చూసిన గాయాల్లో చాలావాటికి కారణం మొద్దు కత్తే. మీ పాత కత్తి అంత చెడ్డదేమీ కాకపోవచ్చు, పదును పోయి ఉంటుంది అంతే. ఆ విషయానికి చివర్లో మళ్లీ వస్తాను.

ఇక కత్తి సంగతి. అందరూ ఉక్కు పేరు అడుగుతారు. నేనైతే ముందు వాదర వెనుక మందం చూస్తాను. లావుపాటి క్యారెట్ ఒకటి తీసుకుని కోసి చూడండి. కత్తి సగం దిగాక టక్కుమని చప్పుడై క్యారెట్ విరిగి, ముక్క ఎగిరి పడిందా? అలా అయితే అది కోత కాదు, చీలిక. కట్టెను గొడ్డలి చీల్చినట్టు చీల్చింది. వాదర పదునుగానే ఉండి ఉంటుంది, కానీ దాని వెనక అలుగు, అంటే కత్తిలోని ఉక్కు భాగం, లావుగా ఉండటంతో గట్టి కూర రెండు పక్కలకూ నెట్టబడి పగిలింది. అలుగు పల్చగా ఉన్న కత్తితో అదే క్యారెట్ కోస్తే చప్పుడే ఉండదు, ముక్క నిలబడినచోటే ఉంటుంది, కోసిన ముఖం తడిగా నున్నగా మెరుస్తుంది. ఒకే రకం ఉక్కుతో చేసిన రెండు కత్తులు ఇంత తేడాగా పనిచేయడం నేను ఎన్నోసార్లు చూశాను.

దీన్ని కొనేముందే కొంతవరకు కనిపెట్టవచ్చు. కత్తి మొన మీ నుంచి దూరంగా ఉండేలా పట్టుకుని, పిడి వైపు నుంచి వెన్ను (వాదరకు ఎదుటి లావు అంచు) వెంబడి చూడండి. పిడి దగ్గర 2 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూగా ఉండి, మొన వైపు వెళ్లేకొద్దీ సన్నబడుతూ ఉంటే మంచి గుర్తు. తరువాత బొటనవేలు, చూపుడువేలి మధ్య అలుగును వెన్ను దగ్గర మెల్లగా పట్టుకుని, వేళ్లను వాదర వైపుకు జార్చండి. వాదరకు ఒక అర సెంటీమీటరు పైన ఆగిపోండి. అక్కడికి వచ్చేసరికి మీ రెండు వేళ్ల మధ్య దాదాపు ఏమీ లేనట్టు అనిపించాలి. అక్కడ కూడా రేకులా కాకుండా బద్దలా తగిలితే ఆ కత్తి వదిలేయండి, మీద ఎవరి ముద్ర ఉన్నా సరే.

ఇప్పుడు ఉక్కు. స్టెయిన్‌లెస్ స్టీల్ అనే మాటకు కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలనేది లెక్క. తుప్పు పట్టకుండా కాపాడేది అదే. 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం పనిచేస్తూ తుప్పుపట్టని ఉక్కును తయారుచేశాడు. షెఫీల్డ్ కత్తుల ఊరు కాబట్టి అది వెంటనే వంటింటి కత్తుల్లోకి వచ్చింది. అయితే క్రోమియం కత్తిని గట్టిపరచడానికి పెట్టింది కాదు. గట్టిదనం ముఖ్యంగా కార్బన్ వల్ల, ఉక్కును కాల్చి చల్లార్చిన తీరు వల్ల వస్తుంది. అందుకే ‘స్టెయిన్‌లెస్’ అని రాసి ఉన్నంత మాత్రాన కత్తి గురించి మనకు తెలిసింది దాదాపు ఏమీ లేనట్టే.

గట్టిదనాన్ని రాక్‌వెల్ సీ అనే కొలతలో చెబుతారు. పెట్టె మీద హెచ్‌ఆర్‌సీ అని కనిపించేది అదే. జర్మన్ కత్తుల్లో ఎక్కువగా కనిపించే ఉక్కులో సుమారు 0.5 శాతం కార్బన్, 15 శాతం క్రోమియం ఉంటాయి, దాని గట్టిదనం 55 నుంచి 58 దాకా ఉంటుంది. జపాన్ కత్తుల్లో బాగా తెలిసిన వీజీ-10లో కార్బన్ దాదాపు రెట్టింపు, 1 శాతం దగ్గర, గట్టిదనం 60 పైన. ఇక షిరోగామి, ఆవోగామి అనే, స్టెయిన్‌లెస్ కాని కార్బన్ స్టీల్ రకాలు 62, ఆ పైకి కూడా వెళ్తాయి. షిరోగామి అంటే తెల్ల కాగితం, ఆవోగామి అంటే నీలి కాగితం. ఉక్కు ముక్కలకు చుట్టే కాగితం రంగును బట్టి వచ్చిన పేర్లు ఇవి, ఉక్కు రంగును బట్టి కాదు.

గట్టిగా ఉంటే మంచిదే కదా అనుకుంటారు. ఒక వైపు నిజమే. గట్టి ఉక్కు వాదరను ఇంకా పల్చగా, ఇంకా తక్కువ కోణంలో నూరుకోవచ్చు, ఆ పదును ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ మెత్తటి ఉక్కు దెబ్బ తగిలితే వంగుతుంది, గట్టి ఉక్కు దెబ్బ తగిలితే పెచ్చు ఊడుతుంది. వంగిన వాదరను స్టీల్ రాడ్ మీద నాలుగుసార్లు లాగితే మళ్లీ నిలబడుతుంది. పెచ్చు ఊడితే ఆ గంటు పోయేదాకా అలుగు మొత్తాన్ని అరగదీయాలి. నా మొదటి జపనీస్ కత్తితో గడ్డకట్టిన మాంసం కోయబోయాను. అప్పటికి దాన్ని కొని పది రోజులైనా కాలేదు. మడమకు కాస్త ముందు, అంటే పిడికి దగ్గరగా ఉండే చివర, 2 మిల్లీమీటర్ల ముక్క ఊడిపోయింది. ముతక రాయి మీద రెండు సాయంత్రాలు కూర్చుంటే గానీ ఆ గంటు పోలేదు. వాదర మొత్తం అంత మేర వెనక్కి వెళ్లిపోయింది, ఆ కత్తి ఆయుష్షులో కొన్నేళ్లు ఒక్క దెబ్బతో పోయాయి.

అందుకే జర్మనా, జపనీసా అనే ప్రశ్నకు నా జవాబు మీ ఇంట్లో ఆ కత్తిని ఎంతమంది ముట్టుకుంటారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. మీరొక్కరే వాడతారు, ఎముకలు కొట్టరు, ఫ్రిజ్‌లో గడ్డకట్టినవాటి మీద పెట్టరు, కడగగానే తుడుస్తారు అంటే 60, 61 గట్టిదనం ఉన్న స్టెయిన్‌లెస్ జపనీస్ కత్తి మీకు నిజంగా ఆనందాన్నిస్తుంది. ఎవరికి తోస్తే వారు తీసుకుని, దాంతోనే డబ్బా మూత కూడా తీసే ఇల్లయితే 56, 57 గట్టిదనం ఉన్నది తీసుకోండి. అది తప్పుల్ని ఓర్చుకుంటుంది. కార్బన్ స్టీల్ గురించి ఒక్క మాట: పదును పెట్టేటప్పుడు అంత హాయిగా ఉండే ఉక్కు మరొకటి లేదు. కానీ నిమ్మకాయ కోసి అలాగే వదిలేస్తే పది నిమిషాల్లో మచ్చ పడుతుంది, తడిగా ఉంచితే తుప్పు పడుతుంది. వాడగా వాడగా దాని మీద బూడిద నీలం రంగు పొర ఏర్పడుతుంది, అది కత్తికి మేలే చేస్తుంది. అయినా మొదటి కత్తిగా దాన్ని ఎవరికీ చెప్పను.

అలుగు మీద ‘జర్మన్ స్టీల్’ అని ఉంటే అది జర్మనీలో తయారైందని కాదు. ఉక్కు ఒకచోటిది, కత్తి చేసింది ఇంకోచోట అయి ఉండవచ్చు. ‘జోలింగన్’ అనే ఊరి పేరుకు మాత్రం 1938 నుంచి జర్మనీలో చట్టం రక్షణ ఉంది, ఆ ప్రాంతంలో చేసిన వాటికే ఆ పేరు వేయాలి. జపాన్‌లో సకాయ్, సెకి ఊళ్లకు అలాంటి పేరుంది. ఊరి పేరు ఒక భరోసా, అంతే. వేళ్లతో మందం చూడటం మాత్రం మానకండి.

సైజు గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. అలుగు 200 నుంచి 210 మిల్లీమీటర్లు చాలామంది ఇళ్లకు సరిపోతుంది. చిన్న కత్తయితే భయం ఉండదని 150 తీసుకుంటారు, తీరా క్యాబేజీ కోసేటప్పుడు అటోసారి ఇటోసారి కోయాల్సి వస్తుంది. చేతులు చిన్నవైనా, బోర్డు పెట్టుకునే చోటు ఇరుకైనా సాంతోకు అనే పొట్టి జపనీస్ కత్తి బాగుంటుంది. అది 165 నుంచి 180 మధ్య ఉంటుంది, వాదర చాలావరకు తిన్నగా ఉంటుంది. దాన్ని ఊపుతూ కాకుండా, కాస్త ముందుకు నెడుతూ కిందికి దించాలి. మొనను బోర్డుకు ఆనించి మడమను పైకీ కిందికీ ఊపే అలవాటుంటే వంపున్న వాదర గల షెఫ్ కత్తే కావాలి. గ్యూతో అని జపాన్ వాళ్లు పిలిచేది కూడా ఇలాంటి కత్తే. పొడవుకన్నా చాలామంది పట్టించుకోనిది అలుగు ఎత్తు. మడమ దగ్గర వాదర నుంచి వెన్ను దాకా 45 నుంచి 50 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకన్నా తక్కువైతే కత్తి బోర్డుకు ఆనేలోపే మీ వేలి కణుపులు బోర్డుకు తగులుతాయి.

కత్తిని పట్టుకునే తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే తప్పుగా పట్టుకుని బరువు చూస్తే మంచి కత్తి కూడా చెడ్డదనిపిస్తుంది. పిడిని మొత్తం పిడికిలితో పట్టుకోకండి. పిడికి సరిగ్గా ముందు, అలుగును బొటనవేలికీ మడిచిన చూపుడువేలికీ మధ్య పట్టుకోండి, మిగతా మూడు వేళ్లూ పిడిని చుట్టుకోవాలి. అప్పుడు కత్తి ఊగదు, మీ చేతిలో భాగంలా కదులుతుంది. అలా పట్టుకుని గాల్లో కాదు, బోర్డు మీద ఒక ఇరవైసార్లు ఆడించి చూడండి. 200 మిల్లీమీటర్ల జర్మన్ కత్తి 230 నుంచి 260 గ్రాముల దాకా, అదే పొడవు జపనీస్ కత్తి 150 నుంచి 180 గ్రాముల దాకా తూగుతుంది. బరువున్నది తనంతట తానే దిగుతుంది అని కొందరు చెబుతారు. పదునున్నప్పుడు తేలికది కూడా దిగుతుంది. పైగా గంటసేపు తరిగాక మణికట్టు మీకు ధన్యవాదాలు చెప్పేది తేలికదానికే. చూపుడువేలి పక్కన ఆనే చోట వెన్ను అంచులు గరుకుగా ఉంటే రోజూ వాడే చేతికి కాయ కాస్తుంది, అదీ తడిమి చూసుకోండి. మీది ఎడమచేతి వాటమైతే రెండు వైపులా సమంగా నూరిన కత్తే తీసుకోండి. ఒకే వైపు నూరిన సంప్రదాయ జపనీస్ కత్తులు ఎక్కువగా కుడిచేతి వాళ్ల కోసం చేసినవే ఉంటాయి.

సుత్తితో సాగగొట్టిన కత్తా, రేకు నుంచి కోసిన కత్తా అన్న వాదన వదిలేయండి. రేకు నుంచి కోసి చేసే విక్టోరినాక్స్ ఫైబ్రాక్స్ కత్తుల్ని పెద్ద పెద్ద వంటశాలల్లో రోజంతా వాడతారు. అలుగు పల్చన, పిడి తడిచేతికి జారదు, నూరడం తేలిక. పిడి చెక్కా ప్లాస్టికా అన్నది మీ ఇష్టం. కానీ బోల్‌స్టర్ దగ్గర మాత్రం ఆగి చూడండి. అలుగు పిడిని కలిసేచోట ఉండే లావుపాటి ఉక్కు మెడ అది. కొన్ని కత్తుల్లో అది మడమ చివర వాదర దాకా దిగి ఉంటుంది. చూడటానికి దృఢంగా కనిపిస్తుంది, కానీ సానరాయి దాన్ని అరగదీయలేదు. ఏళ్ల తరబడి నూరేకొద్దీ మిగతా వాదర పైకి వెళ్లిపోతుంది, ఆ మెడ మాత్రం అక్కడే ఉంటుంది. చివరికి మడమ ముందు ఒక సందు ఏర్పడి వాదర బోర్డును తాకదు. ఉల్లికాడలు తరిగితే ముక్కలు విడిపోకుండా దండలా వేలాడుతూ వస్తాయి. వాదర మడమ చివరిదాకా ఖాళీగా ఉన్న కత్తే తీసుకోండి.

మీకు నచ్చిన డమాస్కస్ సంగతి చెప్పకపోతే బాధపడతారు. ఆ అలలు అందంగా ఉంటాయి, నాకూ ఇష్టమే. అయితే ఇప్పుడు వచ్చే వాటిలో ఎక్కువ భాగం మధ్యలో ఒక గట్టి ఉక్కు పొర, దానికి అటూ ఇటూ మెత్తటి ఉక్కు పొరలు పెట్టి చేసినవి. అలలు ఆ పక్క పొరలవి. కోసేది మధ్య పొర ఒక్కటే. కాబట్టి మధ్యలో ఏ ఉక్కు పెట్టారో, దాని గట్టిదనం ఎంతో అడగండి. అది చెప్పకుండా పొరల సంఖ్య మాత్రమే పెద్దగా రాసి ఉంటే నమ్మకండి. కొన్నింటి మీద అలలు కేవలం పైపైన ముద్రించినవి. నూరడం మొదలుపెట్టాక అలుగు మీద గీతలు పడతాయి, ఆ అందం కొంత తగ్గుతుంది. ఆ భయంతో నూరడం మానేస్తారేమోనన్నదే నా బెంగ.

సెట్ వద్దు. ఆరింటిలో నాలుగు స్టాండులోనే ఉండిపోతాయి. షెఫ్ కత్తి, తొక్క తీయడానికి ఒక చిన్న కత్తి, బ్రెడ్ కోసం రంపపు పళ్ల కత్తి ఉంటే ఇంటికి చాలు. చివరి రెండూ మామూలువైనా పరవాలేదు.

సానరాయికి వస్తే, 1000 గ్రిట్ రాయి ఒకటి చాలు. గ్రిట్ అంటే రాయి గరుకుదనాన్ని చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ రాయి నున్నగా ఉంటుంది. గంటు పడితే 400, నున్నటి పదును కావాలంటే 3000, కానీ అవి తరువాతి సంగతి. గాడిలో పెట్టి లాగే చిన్న షార్పెనర్లు వాదరను నూరవు, చీరేస్తాయి. గట్టి ఉక్కు కత్తినైతే వాటి దరిదాపులకు కూడా తీసుకెళ్లకండి. రాయిని తడిపి, కదలకుండా తడిగుడ్డ మీద పెట్టండి. ఒక్కో వైపు 15 డిగ్రీల కోణం అంటే అర్థం కాక అందరూ టెన్షన్ పడతారు. అలుగు ఎత్తు 48 మిల్లీమీటర్లు ఉంటే, రాయి మీద పడుకోబెట్టిన కత్తి వెన్నును సుమారు 12 మిల్లీమీటర్లు పైకి లేపండి, అదే 15 డిగ్రీలు. మీ చిటికెనవేలి మందానికి దగ్గరగా ఉంటుంది. మెత్తటి జర్మన్ ఉక్కుకు ఇంకో 3, 4 మిల్లీమీటర్లు లేపినా మంచిదే.

ఆ ఎత్తు మారకుండా మడమ నుంచి మొన దాకా ఒకవైపే నూరుతూ ఉండండి. రాయి మీద బూడిదరంగు నీళ్లు వస్తాయి, వాటిని కడగకండి, నూరేది అవి కూడా. కొంతసేపటికి ఆపి, రాయికి తగలని వైపున బొటనవేలిని వెన్ను నుంచి వాదర వైపుకు, వాదర దాటి బయటికి మెల్లగా జరపండి. వాదర వెంబడి మాత్రం ఎప్పుడూ జరపకండి. చివర్లో సన్నటి తీగలాంటిదేదో గోటికి తట్టుకున్నట్టు అనిపిస్తుంది. దాన్నే బర్ అంటారు. వాదర పూర్తిగా అరిగి లోహం అటువైపుకు తిరిగిందని దాని అర్థం. ఎక్కడ ఆ తీగ తగలకపోతే అక్కడ ఇంకా పని మిగిలి ఉన్నట్టే. మడమ నుంచి మొన దాకా తగిలాకే రెండో వైపు తిప్పండి. అక్కడా బర్ వచ్చాక ఒత్తిడి తగ్గించుకుంటూ, చివరికి కత్తి బరువు మాత్రమే రాయి మీద పడేలా, ఒక్కో వైపు ఒక్కోసారి లాగుతూ దాన్ని పోగొట్టండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. బర్ మిగిలిపోతే కత్తి ఆ పూట అద్భుతంగా కోస్తుంది, మర్నాటికి మొద్దుబారుతుంది. పండిన టమాటా మీద కత్తిని నొక్కకుండా, దాని బరువుతోనే వెనక్కి లాగి చూడండి. తొక్క వెంటనే తెగితే పని అయినట్టే.

ఆ పదును నిలవాలంటే చెక్క బోర్డు గానీ మెత్తటి ప్లాస్టిక్ బోర్డు గానీ వాడండి. గాజు, గ్రానైట్, పింగాణీ మీద ఒక్క వారం కోస్తే మీరు రాయి మీద పడిన కష్టమంతా పోతుంది. తరిగిన ముక్కలను బోర్డు మీది నుంచి తోసేటప్పుడు కత్తిని తిప్పి వెన్నుతో తోయండి. డిష్‌వాషర్‌లో వేయకండి, సింక్‌లో గిన్నెల కింద వదిలేయకండి. వాడగానే కడిగి తుడిచి, అయస్కాంతం పట్టీకి వెన్ను ముందు ఆనించి తగిలించండి, లేదా తొడుగులో పెట్టండి.

మీ ఇంటికి ఇప్పుడు నేనే కొనాల్సి వస్తే 200 మిల్లీమీటర్లది, 56 నుంచి 58 గట్టిదనం ఉన్నది, అలుగు పల్చగా, మెడ వాదర దాకా దిగని స్టెయిన్‌లెస్ కత్తి తీసుకుంటాను. కానీ రేపే కొనకండి. ముందు 1000 రాయి ఒక్కటే తెచ్చుకోండి. మీ వేలు కోసిన ఆ పాత కత్తినే దాని మీద పెట్టండి. మొదటిసారి కోణం కుదరదు, అలుగు మీద గీతలు పడతాయి, పడనివ్వండి, నేర్చుకోవడానికి అంతకన్నా మంచి కత్తి దొరకదు. మూడు నాలుగుసార్లు చేసేసరికి ఆ తీగ మీ వేలికి దొరుకుతుంది. అప్పుడు ఆ కత్తితో ఒక పది రోజులు వండండి. దాని అలుగు లావో పల్చనో, పిడి మీ చేతికి కుదిరిందో లేదో, ఇంకా పొడవు కావాలో వద్దో మీకే తెలుస్తుంది. ఆ వివరాలు ఇక్కడ రాస్తే ఫలానా కత్తి తీసుకోండని పేరుతో సహా చెప్పగలను.